‘చొప్పున’ అన్న మాటలోనే వాలు ఉంది

(తిరుపతిలో ఒక శనివారం సాయంత్రం పదో తరగతి, ఇంటర్మీడియట్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక గోడ దగ్గర నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది. అమ్మా, మీరు కూడా వచ్చి కూర్చోండి. ఇది పిల్లల పాఠం కదా, నాకెందుకు అనుకోవద్దు. ఈరోజు నేను చెప్పబోయే విషయం మీకు ముందే తెలుసు. దానికి పాఠ్యపుస్తకం పెట్టిన పేరు మాత్రమే మీకు తెలియదు.

ముందుగా బోర్డు మీద ఒక మాట రాస్తున్నాను. సమీకరణం కాదు, ఒక తెలుగు మాట. ‘చొప్పున’. చదవండి. చొప్పున. ఈ మాట ఎక్కడెక్కడ వాడతాం? మనిషికి రెండు అరటిపళ్ల చొప్పున పంచాం. కూలీ రోజుకు ఇంత చొప్పున ఇచ్చాం. నెలకు రెండు వేల చొప్పున అప్పు తీర్చాం. గమనించారా, ప్రతిసారీ ‘చొప్పున’కు ముందు ఒక ‘కు’ వస్తోంది. మనిషికి, రోజుకు, నెలకు. ఒకదానికి ఇంత. ఒకటి పెరిగితే ఇంత. పిల్లలూ, సరళరేఖ వాలు అంటే ఇదే. మిగతా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు సమీకరణం రాస్తాను. వై = ఎమ్‌ఎక్స్ + సి. ఇందులో ఎమ్ ఏమిటి? వాలు. బాగా చెప్పారు. వాలు అంటే? టాన్ తీటా. అదీ నిజమే, పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది. టాన్ తీటా అంటే? ఇక్కడ ఆగిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. ప్రతి తరగతిలో ఈ మూడో ప్రశ్న దగ్గరే నిశ్శబ్దం వచ్చేది. తప్పు పిల్లలది కాదు. వాలును మనం కోణంతో మొదలుపెట్టి చెబుతున్నాం. ‘చొప్పున’తో మొదలుపెట్టాలి. కోణం తర్వాత వస్తుంది.

ఒక మేస్త్రి దగ్గర నేను చూసింది చెబుతాను. మా ఇల్లు కట్టేటప్పుడు మిద్దె పైన వాననీరు నిలవకుండా వాటం పెట్టాలి. మేస్త్రులు వాలు అనరు, వాటం అంటారు. మిద్దె ఇరవై అడుగుల పొడవు. ఆ చివరి గోడ నుంచి ఈ చివర నీళ్లు పోయే గొట్టం దాకా నాలుగు అంగుళాలు దిగాలి. ఆయన ఏం చేశాడు? దారం లాగి కట్టాడు. ఐదు అడుగులకు ఒక చోట సిమెంటు ముద్ద పెట్టాడు, మొదటి దాని కన్నా ఒక అంగుళం కిందికి. ఇంకో ఐదు అడుగులకు ఇంకో ముద్ద, మరో అంగుళం కిందికి. ఐదు అడుగులకు ఒక అంగుళం చొప్పున. విన్నారా, చొప్పున! ఆయన నోట సహజంగా వచ్చిన మాట అది.

అంతా పూశాక చెంబెడు నీళ్లు ఆ చివర పోసి, మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాడు. నీళ్లు పలుచగా జారుతూ వచ్చాయి. మూడో ముద్ద దాటాక ఒక చోట కాసేపు ఆగి, వెడల్పుగా పరుచుకుని, మళ్లీ కదిలాయి. ఆయన వెంటనే లేచి, ‘ఇక్కడ వాటం తగ్గింది సార్’ అని, తాపీతో ఆ చోట గీకి మళ్లీ పూశాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. సరళరేఖ నిర్వచనం నా కళ్ల ముందు జరిగింది. అన్ని చోట్లా వాలు ఒకటే అయితే అది సరళరేఖ. ఒక్క చోట తగ్గినా, పెరిగినా అది సరళరేఖ కాదు. ఆ తేడాను నీళ్లు పట్టిచ్చాయి.

ఆ వాటం ఎంత? ఐదు అడుగులంటే 60 అంగుళాలు. 60కి 1. పైకి కాదు, కిందికి. కాబట్టి మైనస్ 1/60. ఆ చివర నుంచి ఎంత దూరం వచ్చామో ఎక్స్, అక్కడ మిద్దె ఎంత ఎత్తులో ఉందో వై. ఏ రెండు ముద్దలు తీసుకున్నా నిలువు తేడాను అడ్డం తేడాతో భాగిస్తే మైనస్ 1/60 వస్తుంది. పక్కపక్క ముద్దలు తీసుకోండి, ఆ చివరిదీ ఈ చివరిదీ తీసుకోండి, అదే. ఎందుకు అదే వస్తుంది? ఎవరైనా చెప్పగలరా? ఆ, సరూప త్రిభుజాలు. శభాష్ అమ్మా. చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజం, ఆకారం ఒకటే, భుజాల నిష్పత్తి ఒకటే. మీరు పదో తరగతిలో సరూప త్రిభుజాలు ఒక అధ్యాయంగా, నిరూపక జ్యామితి మరో అధ్యాయంగా చదువుతారు. ఈ రెండూ కలిసే చోటు వాలు.

ఒక జాగ్రత్త. వాలు కట్టేటప్పుడు వై తేడా పైన, ఎక్స్ తేడా కింద. పైన రెండో బిందువు నుంచి మొదటిది తీసేస్తే, కింద కూడా అదే వరుసలో తీసేయాలి. పైన ఒక వరుస, కింద ఒక వరుస పెడితే గుర్తు తారుమారవుతుంది. నేను దిద్దిన జవాబు పత్రాల్లో అతి ఎక్కువగా చూసిన తప్పు ఇది.

మామిడికాయల బండి

ఇప్పుడు సి దగ్గరికి వద్దాం. అంతరఖండం. మామిడి రైతులు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. సంతోషం. దామలచెరువు మామిడి మార్కెట్టుకు కాయలు తీసుకుపోవడానికి టెంపో మాట్లాడారనుకోండి. లెక్క కోసం అంకెలు నేను పెడుతున్నాను. పది కిలోమీటర్ల దూరానికి 850 రూపాయలు అయింది. అదే బండికి పక్క ఊరి రైతు ముప్పై కిలోమీటర్లకు ఎంత ఇచ్చి ఉంటాడు?

ఎవరో 2,550 అన్నారు. ఎలా వచ్చింది నాన్నా? పదికి 850 అయితే ముప్పైకి మూడింతలు. సరే. ఇది త్రైరాశికం. మన దేశంలో లెక్కల పుస్తకాలన్నీ దీన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు చెప్పాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో రాశాడు. మన భాషలో గణితం అంత పాతది, పిల్లలూ. ఈ మాట చెబుతుంటే నాకు ఎప్పుడూ గొంతు నిండుతుంది.

కానీ ఇక్కడ త్రైరాశికం పనిచేయదు. పక్క ఊరి రైతు ఇచ్చింది 1,350 మాత్రమే. ఎందుకు? అయ్యా, మీరు చెప్పండి, మీకు తెలుసు. ఆ, అదీ సంగతి! బండి వచ్చి నిలబడ్డందుకు, కాయలు ఎక్కించినందుకు కొంత ముందే ఉంటుంది. బండి ఒక్క అడుగు కదలకపోయినా అది ఇవ్వాలి. ఆ తర్వాతే కిలోమీటరుకు ఇంత చొప్పున. రైతుకు ఇది లెక్క కూడా కాదు, మామూలు సంగతి. ఇంటర్ చదివే పిల్లవాడికి మాత్రం ‘వై అంతరఖండం’ అనగానే భయం.

చూద్దాం. దూరం పది నుంచి ముప్పైకి పెరిగింది, ఇరవై ఎక్కువ. డబ్బు 850 నుంచి 1,350కి పెరిగింది, 500 ఎక్కువ. 500ను 20తో భాగిస్తే 25. కిలోమీటరుకు 25 చొప్పున. అది ఎమ్. మరి పది కిలోమీటర్లకు 25 చొప్పున 250 కదా, ఇచ్చింది 850 కదా, మిగిలిన 600 ఏమిటి? అది సి. వై = 25ఎక్స్ + 600. ఎక్స్ సున్నా అయినప్పుడు వై ఎంతో అదే అంతరఖండం. గ్రాఫు మీద రేఖ వై అక్షాన్ని తాకే చోటు. బండి ఇంకా కదలక ముందు చోటు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నాకు ఈ ప్రసంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. త్రైరాశికం పనిచేయలేదన్నాం. నిజంగా పనిచేయలేదా? మొత్తం డబ్బుకు పనిచేయలేదు. కానీ పెరిగిన డబ్బుకు పనిచేసింది! ఇరవై కిలోమీటర్లు పెరిగితే 500 పెరిగింది. పది పెరిగితే? 250. నలభై పెరిగితే? వెయ్యి. తేడాల్లో త్రైరాశికం చెక్కుచెదరలేదు. మొత్తాల్లో చెదిరింది, ఎందుకంటే మధ్యలో సి వచ్చి కూర్చుంది. సి సున్నా అయితే రేఖ మూలబిందువు గుండా, అంటే రెండు అక్షాలూ కలిసే చోటు గుండా పోతుంది, వై = ఎమ్‌ఎక్స్ అవుతుంది, అప్పుడు మొత్తాలకూ త్రైరాశికం పనిచేస్తుంది. పావులూరి మల్లన లెక్కల్లోని త్రైరాశికం మూలబిందువు గుండా పోయే సరళరేఖ. దాన్నే పైకో కిందికో జరిపితే మీ పుస్తకంలోని వై = ఎమ్‌ఎక్స్ + సి.

ఇదే పొరపాటు పెద్దవాళ్లమూ చేస్తాం. ఒకరోజు ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్, ఇంకో రోజు 40. రెట్టింపు వేడి అంటాం. కానీ అదే వేడిని ఇంట్లో జ్వరం చూసే పాత థర్మామీటరు కొలతలో, ఫారన్‌హీట్‌లో చెప్పండి. 20కి 68, 40కి 104. 68కి రెట్టింపు 136 కదా, 104 కాదు కదా? మరి రెట్టింపు వేడి ఏమైంది? ఈ రెండు కొలతల మధ్య ఉన్నది సరళరేఖ. సెల్సియస్‌ను ఎక్స్, ఫారన్‌హీట్‌ను వై అనుకుంటే వై = (9/5)ఎక్స్ + 32. వాలు 9/5, అంటే ఐదు సెల్సియస్ పెరిగితే తొమ్మిది ఫారన్‌హీట్ చొప్పున. అంతరఖండం 32, మంచు కరిగే చోటు. సెల్సియస్ సున్నాకు ఎదురుగా ఫారన్‌హీట్‌లో 32 ఉంది కాబట్టి రెట్టింపు రెట్టింపు కాకుండా పోయింది. తేడాలు చూడండి: 20 పెరిగితే 36 పెరిగింది. ఎక్కడ నుంచి మొదలుపెట్టి 20 పెంచినా 36 పెరుగుతుంది. తేడాలు అబద్ధం చెప్పవు. 37 పెట్టి చూడండి, అమ్మలందరికీ తెలిసిన 98.6 వస్తుంది.

కొండ వేరు, గ్రాఫు వేరు

ఇక తిరుపతిలో నిలబడి వాలు గురించి మాట్లాడుతూ మెట్ల దారి గురించి మాట్లాడకపోతే ఎలా? ఆ కిటికీలోంచి చూస్తే కొండ కనిపిస్తోంది. అలిపిరి నుంచి మెట్లు 3,550, దారి తొమ్మిది కిలోమీటర్ల దాకా. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, మెట్లు దాదాపు 2,400. చేరేది ఒకే కొండ. ఏ దారి వాలు ఎక్కువ? చిన్న దారిది. మీ మోకాళ్లే చెబుతాయి. అలిపిరి దారిలో కూడా వాలు అంతటా ఒకటి కాదు. గాలి గోపురం దాకా నిలువుగా ఎక్కుతాం. తర్వాత చాలా దూరం చదునుగా నడుస్తాం. చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిలువు. అంటే ఆ దారి సరళరేఖ కాదు, వేర్వేరు వాలులున్న ముక్కలు అతికిన గీత. ‘ఎత్తును తొమ్మిది కిలోమీటర్లతో భాగిస్తే వాలు వస్తుందా సార్’ అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. చాలా మంచి ప్రశ్న. రాదు, ఎందుకంటే తొమ్మిది కిలోమీటర్లు మనం నడిచిన దూరం, ఏటవాలు దూరం, త్రిభుజంలో కర్ణం లాంటిది. వాలుకు కావలసింది అడ్డం దూరం. నిలువును కర్ణంతో భాగిస్తే సైన్, అడ్డంతో భాగిస్తే టాన్. టాన్ తీటా ఎక్కడ నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఆసుపత్రుల దగ్గర చక్రాల కుర్చీల కోసం కట్టే ఏటవాలు దారికి కూడా ఇలాగే ఒక నియమం ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల అడ్డం ఉండాలి. 12కి 1. అంతకన్నా వాలు ఎక్కువైతే కుర్చీ తోసుకునే మనిషి చేతులకు అది భరించలేని భారం. ఈ చిన్న భిన్నం వెనక ఒక మనిషి భుజాల నొప్పి ఉంది.

ఇప్పుడు ఒక గ్రాఫు గీస్తాను, జాగ్రత్తగా చూడండి. ఎక్స్ అక్షం మీద నిమిషాలు. వై అక్షం మీద ఎన్నో మెట్టు. ఒక అమ్మాయి అలిపిరి దగ్గర, సున్నా మెట్టు నుంచి, ఆగకుండా నిమిషానికి 30 మెట్ల చొప్పున ఎక్కుతోంది. వై = 30ఎక్స్. ఆమె మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసం వచ్చి పది నిమిషాలు కూర్చుందనుకోండి. గ్రాఫులో ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయి? చాలామంది నిలువు గీత అంటున్నారు. ఎందుకు? అక్కడ కొండ నిలువు కాబట్టి. కాదు నాన్నా. ఆమె కూర్చుంది. నిమిషాలు గడుస్తున్నాయి, మెట్టు మారడం లేదు. గీత అడ్డంగా, చదునుగా పోతుంది. వాలు సున్నా. కొండ ఎంత నిలువుగా ఉన్నా, కూర్చున్న మనిషి గ్రాఫు చదును. గ్రాఫు కొండ బొమ్మ కాదు. దేనికి దేని చొప్పున అని అడగకుండా గ్రాఫు వంక చూస్తే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. ఇది అర్థమైన రోజు మీకు సగం గణితం అర్థమైనట్లే.

అదే దారిలో మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొక్కు తీర్చుకునే తల్లులను మీరందరూ చూసే ఉంటారు. వంగి, బొట్టు పెట్టి, లేచి, మళ్లీ వంగి. అలాంటి ఒక తల్లి తెల్లవారుజామునే బయలుదేరి, మన అమ్మాయి అలిపిరిలో మొదటి మెట్టు ఎక్కే సమయానికి 1,000వ మెట్టు దగ్గర ఉంది. ఆమె నిమిషానికి 5 మెట్ల చొప్పున వెళుతోంది. వై = 5ఎక్స్ + 1,000. ఇద్దరూ ఎక్కడ కలుస్తారు? 30ఎక్స్ = 5ఎక్స్ + 1,000. 25ఎక్స్ = 1,000. ఎక్స్ = 40. నలభై నిమిషాలకు, 1,200వ మెట్టు దగ్గర. రెండు రేఖలూ అక్కడ ఖండించుకున్నాయి. అంతరఖండం వెయ్యి ఎక్కువున్నా వాలు తక్కువైతే ముందు వెళ్లిన వాళ్లను వెనక వాళ్లు అందుకుంటారు. ఎంత సేపటికి? అంతరఖండాల తేడాను వాలుల తేడాతో భాగించండి. వెయ్యిని 25తో. ఎంత సులువైన లెక్కో చూడండి. ఇంకో అమ్మాయి 250వ మెట్టు నుంచి, అదే 30 చొప్పున మొదలుపెట్టి ఉంటే? వాలులు సమానం. తేడా సున్నా. సున్నాతో భాగించలేం. అంటే మన అమ్మాయి ఆ రెండో అమ్మాయిని ఎప్పటికీ అందుకోలేదు. సమాంతర రేఖలు కలవవు అన్న మాట మెట్ల మీద ఇలా కనిపిస్తుంది.

వాలు మైనస్ అయితే? ఇంట్లో అప్పు చూడండి. మహిళా సంఘంలో 24,000 తీసుకున్నారు. వడ్డీ ప్రస్తుతానికి పక్కన పెడదాం. నెలకు రెండు వేల చొప్పున కడుతున్నారు. వై = 24,000 − 2,000ఎక్స్. అంతరఖండం 24,000, మొదలు. వాలు మైనస్ 2,000, తగ్గుతోంది. ఈ రేఖ వై అక్షాన్ని ఒక చోట తాకింది, ఎక్స్ అక్షాన్ని ఇంకో చోట తాకుతుంది. ఎక్కడ? వై సున్నా అయిన చోట. పన్నెండు. అది ఎక్స్ అంతరఖండం. అంటే ఏమిటి అమ్మా? అప్పు తీరిన నెల! వై అంతరఖండం అప్పు తెచ్చిన రోజు బాకీ, ఎక్స్ అంతరఖండం ఆ బాకీ తీరిన నెల. పుస్తకంలో అంతరఖండ రూపం అని ఒక సూత్రం ఉంటుంది, ఎక్స్ బై ఎ + వై బై బి = 1. ఇక్కడ ఎక్స్ బై 12 + వై బై 24,000 = 1. ఈ రెండు అంకెలు తెలిస్తే చాలు, మధ్యలో ప్రతి నెలా బాకీ ఎంతో ఆ సూత్రమే చెబుతుంది.

ఒక్క నిలువు గీతకు మాత్రం వాలు లేదు. ఎక్స్ = 3 అనే రేఖ. నిలువు తేడా ఎంతైనా ఉంది, అడ్డం తేడా సున్నా. సున్నాతో భాగించాలి, కుదరదు. ‘అనంతం’ అని రాయవద్దు, ‘నిర్వచితం కాదు’ అని రాయండి. అందుకే ఆ రేఖను వై = ఎమ్‌ఎక్స్ + సి రూపంలో రాయలేం. ‘ఒక్క అడుగుకు ఇంత చొప్పున’ అనడానికి ఆ ఒక్క అడుగు పక్కకు జరగాలి కదా. నిలువు గోడ మీద పక్కకు జరగనే జరగం.

లంబ రేఖల వాలుల లబ్ధం మైనస్ 1 అని బట్టీ పడతారు. గళ్ల కాగితం తీసుకోండి. కుడికి 3, పైకి 1. వాలు 1/3. కాగితాన్ని గడియారం ముల్లుకు వ్యతిరేకంగా పావు వంతు తిప్పండి. కుడి పైకి అయింది, పై ఎడమకు అయింది. ఇప్పుడు పైకి 3, ఎడమకు 1. వాలు మైనస్ 3. గుణించండి. మైనస్ 1. అంతే, దీనికి సూత్రం బట్టీ పట్టే పనే లేదు.

ఇంకో విషయం, పెద్దవాళ్లు కూడా వినండి. ఒకే రేఖను రెండు గ్రాఫుల్లో గీస్తే ఒక దాంట్లో నిటారుగా, ఇంకో దాంట్లో బల్లపరుపుగా కనిపించవచ్చు. వై అక్షం మీద ఒక సెంటీమీటరుకు వంద రూపాయలు తీసుకోవడం వేరు, వెయ్యి తీసుకోవడం వేరు. టెంపో కిరాయి కిలోమీటరుకు 25 రూపాయలే, కాగితం మీద కోణం మాత్రం మారిపోతుంది. పత్రికల్లో, టీవీలో ధరల గ్రాఫు చూసి గుండె ఆగినంత పనైనప్పుడు ముందు అక్షాల మీద అంకెలు చదవండి. వాలుకు కొలమానం ఉంటుంది: కిలోమీటరుకు రూపాయలు, నిమిషానికి మెట్లు. కొలమానం చెప్పకుండా ‘వాలు 25’ అంటే దేనికి 25? జవాబులో అది రాయమని నేను పట్టుబట్టేవాణ్ని. ఇప్పటికీ పట్టుబడతాను.

పరీక్షలో మోసపోయే చోటు ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2ఎక్స్ + 3వై + 6 = 0. అంతరఖండం ఎంత? ఆరు అంటారు. ఎందుకంటే పుస్తకంలో ఈ రూపానికి ఎఎక్స్ + బివై + సి = 0 అని రాస్తారు, సి చూడగానే అంతరఖండం అనుకుంటారు. అక్షరం ఒకటే, పని వేరు. వై ఒంటరిగా మిగిలేలా రాయండి. 3వై = −2ఎక్స్ − 6. వై = −(2/3)ఎక్స్ − 2. వాలు −2/3, అంతరఖండం −2. మైనస్ రెండు. అంతరఖండం పొడవు కాదు, దానికి గుర్తు ఉంటుంది. మూలబిందువుకు కింద తాకితే మైనస్. అసలు ఈ అక్షరాల మీద ఎక్కువ భక్తి వద్దు. అమెరికాలో పిల్లలు ఎమ్‌ఎక్స్ + బి అని చదువుతారు, మనం ఎమ్‌ఎక్స్ + సి అని చదువుతాం. 1637లో రెనె డెకార్ట్ జ్యామితిని బీజగణితంతో ముడివేశాడు, ఆయన కాలంలోనే ఫెర్మా కూడా అదే దారిలో నడిచాడు. రేఖను సమీకరణంగా చదవవచ్చన్న ఆలోచన వాళ్లది. ఏ అక్షరం పెట్టుకున్నా ఆ ఆలోచన చెక్కుచెదరదు.

ఇక ఇంటికి వెళ్లాక ఒక పని. మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. అందులో యూనిట్లు వాడకపోయినా కట్టాల్సిన స్థిర ఛార్జీ ఒకటి ఉంటుంది. అది ఏమిటో మీరే చెప్పగలరు. ఆ తర్వాత యూనిట్‌కు ఇంత చొప్పున. కానీ యూనిట్లు ఒక హద్దు దాటితే ఆ పైన వాడిన వాటికి రేటు పెరుగుతుంది, ఇంకో హద్దు దాటితే ఇంకా పెరుగుతుంది. అంటే గ్రాఫు ఒక్క సరళరేఖ కాదు, ఒకదాని కొసకు ఒకటి అతికిన ముక్కలు, ప్రతి ముక్కకూ ముందు దాని కన్నా ఎక్కువ వాలు. బిల్లు వెనక ఉన్న రేట్లు చూసి ఆ గ్రాఫు గళ్ల కాగితం మీద గీయండి. గీత ఎక్కడెక్కడ విరిగిందో అక్కడ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టండి. మీ ఇంటి వాడకం ఏ ముక్క మీద పడిందో చూడండి. అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని గీయండి, రేట్లు చదివిపెట్టమనండి. వచ్చే శనివారం ఆ కాగితాలు తీసుకురండి. ఆ చివరి ముక్కను వెనక్కి పొడిగిస్తే వై అక్షాన్ని ఎక్కడ తాకుతుందో, ఆ అంకెకు అర్థం ఏమిటో అప్పుడు కలిసి చూద్దాం. నమస్కారం.